పొలుసుల వ్యాధికి సూదిమందు



నేను వైద్యుడను కాను. ముప్పది యేండ్లకు పైగా పల్లెటూరి ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి, 2017లో ప్రధానోపాధ్యాయుడుగా ఉద్యోగము విరమించినవాడను. అట్టివాడు వైద్యమును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. నెలకొకసారి నా తొడలో నేనే సూది గ్రుచ్చుకొందును. ఆ సూది ఏమి చేయునో, ఏమి చేయజాలదో, అనుభవించినవానిగా చెప్పదలచితిని. శాస్త్ర విషయములు నాకు వైద్యము చేసినవారు చెప్పగా విన్నవి, వారు చూపిన పుస్తకములలో చదివినవి.

వ్యాధి పేరు సోరియాసిస్. మన పల్లెలలో దీనికి స్థిరమైన పేరు లేదు. ఒకరు తామర యందురు, ఒకరు గజ్జి యందురు, మరియొకరు ఏమియు ననక ప్రక్కకు జరుగుదురు. మోచేతులమీద, మోకాళ్లమీద, తలలో, నడుము వెనుక ఎఱ్ఱని మచ్చ లేచి, దానిపై వెండిరేకు వంటి పొలుసు కట్టును. గోకినచో పొట్టు రాలును. ఇంకను గోకినచో సూదిమొన లంతటి నెత్తురు చుక్కలు కనబడును. నాకు 1994లో ఎడమ మోచేతిమీద రూపాయి బిళ్లంత మచ్చగా మొదలైనది. పదియేండ్లలో రెండు చేతులు, వీపు, కాళ్లు ఆక్రమించినది. ప్రతి ఉదయమును నా భార్య పక్క దులిపినప్పుడు చేటెడు పొట్టు రాలెడిది. ఆమె దానిని ఎవరును లేవకముందే ఊడ్చి, పెరటిలో పాతిపెట్టెడిది.

మన పూర్వులు దీని నెఱుగనివారు కారు. చరకసంహితయందు పదునెనిమిది కుష్ఠములు చెప్పబడినవి. వానిలో ఏకకుష్ఠమను దానిని చేప పొలుసుతో పోల్చినారు. అది ఈ వ్యాధికి దగ్గరగా నున్నదని నేటి ఆయుర్వేద పండితులలో పలువురి యభిప్రాయము. అయితే ఆ గ్రంథములలో కుష్ఠమనగా చర్మవ్యాధులకు సామాన్యమైన పేరు. మనము వాడుకలో ఆ మాటను ఒక్క కుష్ఠురోగమునకే కట్టివేసితిమి. దానితో పొలుసు కట్టిన ప్రతి మేనును చూచి భయపడుట నేర్చితిమి. ఐరోపాలోను ఇట్టి చిక్కే కలిగినది. అచ్చటను ఈ రోగులు అనేకులు కుష్ఠురోగులతో కలిపి లెక్కింపబడిరి. 1841లో వియన్నా నగరపు వైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా ఈ రెంటిని స్పష్టముగ విడదీసెను.

ఇది అంటురోగము కాదు. దీనికి పురుగు లేదు. తాకినను, ఒకే తువాలుతో తుడుచుకొన్నను, ఒకే చెరువులో మునిగినను, ఒకే పంక్తిని భుజించినను రాదు. వంశములో కొంత సంక్రమించును. గొంతునొప్పి తరువాతను, దెబ్బ తగిలిన చోటను, మనోవ్యధ వలనను, పొగత్రాగుట, మద్యము వలనను, కొన్ని మందుల వలనను పైకి లేచును. 2014లో ప్రపంచ ఆరోగ్య సభవారు ఈ రోగులపట్ల జరుగుచున్న అనాదరణను మాన్పుటకు తీర్మానము చేసిరనగా, ఈ మౌఢ్యము మన యొక్క ఊరికి పరిమితమైనది కాదని తెలియుచున్నది.

ఈ సంగతి నాకు తెలిసియు నేను చేసిన పని చెప్పెదను. 2003లో నా తరగతిలో పదుమూడేండ్ల బాలుడొకడు ఉండెను. వాని మోకాళ్లమీద ఈ మచ్చలే. నిక్కరు తొడుగు వయస్సు గనుక దాచుకొనలేడు. తల్లిదండ్రులు కొందరు నాయొద్దకు వచ్చి, "మాస్టారూ, ఆ పిల్లవానిని మా పిల్లల ప్రక్కన కూర్చుండనీయకుడు. మంచినీళ్ల కుండ కూడ ముట్టనీయకుడు" అనిరి. నేను సరే యంటిని. ఆ సమయమున నా నిండుచేతుల చొక్కా క్రింద మోచేయి మొదలు మణికట్టు వరకు అదే వ్యాధి యున్నది. నేనే ముట్టి త్రాగుచున్న కుండ అది. బాలుడు చివరి బల్లమీద ఒంటరిగ మూడు నెలలు కూర్చుండి, దసరా సెలవుల తరువాత మఱి రాలేదు.

ఈ వ్యాధి లోపల జరుగునదేమి? ఆరోగ్యవంతుని చర్మమున అడుగు పొరలో పుట్టిన కణము మెల్లమెల్లగ పైకి వచ్చి రాలిపోవుటకు సుమారు నాలుగు వారములు పట్టును. సోరియాసిస్ మచ్చలో ఆ పని నాలుగైదు దినములలో జరుగును. పండకముందే పైకి వచ్చిన కణములు ఒకదానిపై ఒకటి పేరుకొని పొలుసగును. ఈ తొందర చర్మము స్వయముగ పెట్టుకొన్నది కాదు. మన రక్తములో రోగక్రిములనుండి కాపాడు కణములు కలవు. అవి ఊరి కావలివారి వంటివి. దొంగ వచ్చినప్పుడు దండోరా వేయించి ఊరిని లేపవలెను. సోరియాసిస్ గలవానిలో దొంగ లేకయే దండోరా మ్రోగుచుండును. ఆ దండోరాకు వైద్యులు పెట్టిన పేర్లు ఇంటర్‌ల్యూకిన్ 23, ఇంటర్‌ల్యూకిన్ 17, టి.ఎన్.ఎఫ్. అని. అది విని చర్మము నిద్రలేని ఊరివలె రేయింబవళ్లు పనిచేయును. కొందరిలో ఆ మంట కీళ్లకును ప్రాకును. ఉదయము లేవగానే వ్రేళ్లు బిగిసి ముడువలేకపోవుట, మడమ నొప్పి, గోళ్లలో గుంటలు పడుట కనబడినచో వెంటనే డాక్టరుతో చెప్పవలెను. కీలు ఒకసారి పాడైనచో తిరిగి రాదు.

ఇక నేను తిన్న మందుల కథ. పూతమందులు కొన్నియేండ్లు పనిచేసినవి. 2008లో ఒక సంతలో ఒకడు నల్లని గోలీ లిచ్చి, నలుబది దినములలో వేరుతో పెకలించెదననెను. నిజమే, మూడు వారములలో మేను అద్దమువలె నైనది! నేను పదిమందికి వాని పేరు చెప్పితిని కూడ. గోలీలు అయిపోయిన పదునైదవ దినమున ఒళ్లంతయు మంటలెత్తినట్లు ఎఱ్ఱబారి, చలిజ్వరముతో ఆసుపత్రిలో పండుకొంటిని. ఆ గోలీలలో స్టిరాయిడు కలిసియుండునని డాక్టర్ల యనుమానము. కడుపులోనికి తీసికొన్న స్టిరాయిడు మానినప్పుడు సోరియాసిస్ రెట్టింపై, ఒక్కొక్కప్పుడు చీముపొక్కులుగా లేచి ప్రాణము మీదికి వచ్చును. తెల్లపొడియైనను, నల్లగోలీయైనను, పేరు చెప్పని మందు ఎంత త్వరగ పనిచేసిన అంత అనుమానింపదగినదని నాకు అప్పుడు తెలిసినది.

తరువాత మెథోట్రెక్సేట్ అను మాత్ర నిచ్చిరి. చౌకయైనది, మంచిది, నేటికిని అనేకులకు చాలును. కాని దానియందొక ప్రమాదము కలదు. ఇంటిలో ఎవరికైన నది వ్రాసియున్నచో చెవియొగ్గి వినుడు. ఈ వ్యాధికి అది వారమునకొక్క దినము మాత్రమే వేసికొనవలసిన మందు. తక్కిన మాత్రలవలె ప్రతిదినము మ్రింగి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు. మా ఇంట క్యాలెండరులో ఆదివారములకు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టితిమి. మద్యము దానితో పొసగదు. గర్భము ధరింపదలచినవారికి పనికిరాదు. నేను తొమ్మిదేండ్లకు పైగా వాడితిని. 2018 చివర రక్తపరీక్షలో కాలేయము బాగులేదని తేలుటచే మాన్పించిరి. అప్పుడు డాక్టరమ్మ, నా పాత శిష్యురాలి వయస్సుగల చిన్నది, "మాస్టారూ, ఇక సూదిమందు సంగతి ఆలోచింతము" అనెను.

ఈ సూదిమందులకు బయొలాజిక్కులని పేరు. మామూలు మాత్ర రసాయనములను కలిపి చేసినది. ఇది సజీవ కణములచే పుట్టింపబడిన మాంసకృత్తు. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకే విధమైన ప్రతిరక్షకములను కావలసినంత పుట్టించు ఉపాయము కనుగొనిరి. 1984లో నోబెల్ బహుమానము పొందిరి. ఆ విత్తనమునుండి మొలచిన చెట్లే ఇవి. నాకిచ్చుచున్న మందు పేరు సెకుకినుమాబ్. అది పైన చెప్పిన ఇంటర్‌ల్యూకిన్ 17ను పట్టుకొని కదలనీయదు. కావలివారిని చంపదు, తప్పెట కొట్టువాని చేతిలోని పుల్లను పట్టుకొనును. అడలిముమాబ్, ఎటనర్‌సెప్ట్ అనునవి టి.ఎన్.ఎఫ్.ను పట్టుకొనును, గుసెల్కుమాబ్ వంటివి ఇంటర్‌ల్యూకిన్ 23ను. మాత్రగ ఏల చేయరాదని నేను అడిగితిని. "మీరు తిన్న పప్పు ఏమగునో, ఇదియు కడుపులో అదే యగును" అని ఆమె నవ్వెను.

సెకుకినుమాబ్ పరీక్షల ఫలితములు 2014లో ప్రకటింపబడినవి. పండ్రెండు వారములలో నూటికి సుమారు ఎనుబదిమందికి వ్యాధి నాలుగింట మూడు పాళ్లో, అంతకు మించియో తగ్గినది. మందు లేని సూది పొడిపించుకొన్నవారిలో అట్లు తగ్గినది నూటికి అయిదుగురికే. ఇవి పెద్ద సంఖ్యలు. అయినను అందరికి పనిచేయదని, క్రొత్తది యెల్ల మంచిది కాదని కూడ చెప్పవలెను. అమెరికాలో 2003లో వచ్చిన ఎఫాలిజుమాబ్ అను సూదిమందు కొందరికి మెదడు జబ్బు కలిగించుటచే 2009లో విరమింపబడినది.

నేను ఆ దినముననే సూది పొడిచెదరని తలంచి డబ్బు మడిచి తీసికొనిపోతిని. డాక్టరమ్మ పొడువలేదు. రొమ్ముకు ఎక్స్‌రే, రక్తపరీక్షలు, కామెర్లు కలిగించు హెపటైటిస్ పరీక్ష, ముంజేతిలో క్షయపరీక్షకు చిన్న సూది. మూడవనాటికి ముంజేయి ఉబ్బినది. నా చిన్నతనమున మా పెదనాన్న క్షయతో మంచమెక్కి, మేమందరము తిరుగాడు చావడిలోనే దగ్గి దగ్గి పోయెను. ఆనాటి క్రిమి నాలో నిద్రించుచున్నది కాబోలు. మన దేశమున ఇట్లు నిద్రించు క్షయ అనేకుల ఒంటిలో కలదు. దానిని లేవకుండ కాపలా కాయునవి ఆ కావలి కణములే. తప్పెట పుల్ల పట్టుకొన్నచో, ముఖ్యముగ టి.ఎన్.ఎఫ్.ను అడ్డు మందులలో, నిద్రించు దొంగ లేచును.

నాకు కోపము వచ్చినది. "ఇరువది యైదేండ్లు ఈ చర్మముతో బ్రతికితిని, ఇంకను ఆగుమందువా, అమ్మా?" అంటిని.

"ఇరువది యైదేండ్లు ఆగితిరి గదా మాస్టారూ, ఇంకొక్క నెల ఆగుడు. చర్మము బాగుపడి ఊపిరితిత్తులు పోయిన నేనేమి సమాధానము చెప్పుకొందును?" అనెను.

ఆరు నెలలు దినమున కొక ఐసోనయజిడ్ మాత్ర మ్రింగవలెననిరి. ఒక నెల గడచిన పిమ్మట, 2019 వేసవిలో, సూది మొదలుపెట్టిరి. పరీక్షలు లేకయే ఈ సూది పొడిచెదనను వాడు ఎవడైనను, వాని గడప తొక్కకుడు.

పొడుచుకొను పద్ధతి కష్టము కాదు. కలము వంటి సాధనములో మందు నింపియుండును. పెద్దవారికి ఒక విడతకు మున్నూరు మిల్లీగ్రాములు. నాకు అది రెండు సూదులు. మొదట వారమునకొక విడత చొప్పున అయిదు విడతలు, తరువాత నాలుగు వారముల కొకటి. తొడమీద గాని, బొడ్డునకు రెండంగుళములు తప్పించి పొట్టమీద గాని, మచ్చలేని చోట, ప్రతిసారి తావు మార్చి గ్రుచ్చుకొనవలెను. ఫ్రిజ్జునుండి తీసి పావుగంటయో అరగంటయో బయట ఉంచినచో మంట తగ్గును. అసలు కష్టము ఫ్రిజ్జుతోనే. మందును రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనములో ఉంచవలెను. గడ్డకట్టరాదు, ఎండ తగులరాదు. మా ఊరిలో వేసవినాడు కరెంటు ఎప్పుడు పోవునో బ్రహ్మకైన తెలియదు. కనుక మందును ముందుగ కొని నిల్వచేయను. పట్టణమునుండి తెచ్చునప్పుడు మంచుపెట్టెలో, మందునకు మంచు తగులకుండ గుడ్డ చుట్టి తెచ్చుకొందును. బస్సులో ప్రక్కవాడు, "చేపలా, మాస్టారూ?" అని అడిగినాడు!

మూడవ వారమున ఒకనాడు నా భార్య పక్క దులిపి, చీపురు చేతబట్టి నిలిచి, "ఏమండీ, ఇటు రండి" అని పిలిచెను. నేలమీద పొట్టు లేదు. ఆమె చీపురు గోడకు చేర్చి మంచముమీద కూర్చుండినది, చాలసేపు మాటాడలేదు. మూడు నెలలకు మోచేతులు చదునైనవి. తెల్లని జాడలు మాత్రము ఏడాది వరకు నిలిచినవి. కొందరు వానిని చూచి బొల్లి యనిరి. మా ఊరివారికి ఏదో యొకటి అననిదే తోచదు.

కష్టములు కూడ చెప్పవలెను. రెండుసార్లు నోటిలో తెల్లని పూత పూసి అన్నము మంటపుట్టినది. అది శిలీంధ్రము, మందు పూయగా పోయినది. జలుబులు ముందుకన్న తఱచు. నెత్తురుతో విరేచనములు, విడువని జ్వరము, వారముల తరబడి దగ్గు వచ్చినచో తదుపరి సూది ఆపి డాక్టరును చూడవలెను. ప్రాణముతో నున్న క్రిములతో చేసిన టీకాలు ఈ మందు వాడువారికి తగవు.

నేను చేసిన మఱియొక తెలివితక్కువ పని. 2020లో రాకపోకలు నిలిచిన దినములలో సూది తప్పినది. బస్సులు నడచిన పిమ్మటను నేను పోలేదు. ఒళ్లు శుభ్రముగ నున్నది గదా, రోగము పోయినదనుకొంటిని. డబ్బు మిగులునని కూడ సంతసించితిని. అయిదవ నెలలో అదే ఎడమ మోచేతిమీద, అదే రూపాయి బిళ్ల. సంక్రాంతినాటికి వీపంతయు నిండినది. ఈ మందు రోగమును పట్టియుంచునే కాని పెకలింపదు. మానితిరా, చాలమందికి తిరిగి వచ్చును. తిరిగి మొదలిడినప్పుడు మునుపటివలె పనిచేయునను హామీ లేదు. నాకు పనిచేసినది; అది నా యదృష్టము.

ఖర్చు సంగతి దాచను. నెలకు వేల రూపాయలు. నా పింఛనులో పెద్దభాగము దీనికే పోవుచున్నది. పింఛను లేని రైతు ఏమి చేయును? 2013లో బెంగుళూరి బయోకాన్ సంస్థవారు ఇటోలిజుమాబ్ అను మందును, 2014 డిసెంబరులో జైడస్ వారు అడలిముమాబ్‌నకు సాటియైన స్వదేశీయపు మందును అమ్మకమునకు తెచ్చుటచే కొన్నిటి ధర దిగినది. ఇంకను దిగవలసియున్నది. అందరికి ఈ సూది అక్కఱ లేదు. మీ అరచేయి, వ్రేళ్లతో సహా, మీ మేనిలో నూటికి సుమారొక వంతు. అట్టి అరచేతులు రెండో మూడో యగు మచ్చలకు పూతమందు, కొబ్బరినూనె, దీపకాంతి వైద్యము సాధారణముగ చాలును. పది దాటినప్పుడు, లేక కీళ్లు, అరచేతులు, ముఖము చెడినప్పుడు, మాత్రలు పనిచేయనప్పుడు సూది మాట రావలెను.

2022లో నేను ఆ బాలుని వెదకికొని పోతిని. మూడు ఊళ్ల అవతల కౌలుకు పొలము చేయుచున్నాడు. ముప్పది రెండేండ్లవాడు, నుదుట జుట్టు మొదట అదే పొలుసు. నన్ను చూచి లేచి నిలిచి కుర్చీ వేసెను. నేను కూర్చుండక చొక్కాచేయి పైకి మడిచి, మిగిలిన జాడ చూపి, ఏ యేట మొదలైనదో చెప్పితిని. వాడు వ్రేళ్లమీద లెక్కించుకొనెను.

"అయితే మాస్టారూ, అప్పటికే మీకున్నదా?" అనెను.

ఉన్నదంటిని. వాడు మఱి మాటాడలేదు. భార్య తెచ్చిన మజ్జిగ నా చేతికిచ్చి, పశువులకు నీళ్లు పెట్టవలెనని లేచిపోయెను. నేను ఆ మజ్జిగ త్రాగి వచ్చితిని.

రెండు నెలల తరువాత వాడే ఫోను చేసి, ఆ డాక్టరు ఏ దినమున చూచునని అడిగెను. ఇద్దరమును కలిసి పోతిమి. ఆమె వాని వ్రేళ్ల కీళ్లు నొక్కి చూచి, గోళ్లు చూచి, సూది అక్కఱలేదనెను. తలకు పూతమందు, వారమునకొక మాత్ర వ్రాసెను. రక్తపరీక్షలు చేయించెను. ఆదివారములకు సున్న చుట్టుకొమ్మని నేను చెప్పితిని. ఆనాటి చివరి బల్లను గూర్చి వాడు నేటివరకు ఒక్కమాట అనలేదు, నేను అడుగలేదు. నెలకొకసారి పట్టణమునకు పోవునప్పుడు వాడు తన మోటారుసైకిలుమీద మా ఇంటికి వచ్చును. నేను మంచుపెట్టెను ఒడిలో పెట్టుకొని వెనుక కూర్చుందును. ఎండ ముదరకముందే పోయి రావలెనని వాడు తొందరపెట్టుచుండును.